మధ్యాహ్నం 3 అయ్యేసరికి ఒళ్ళు కూలబడిపోతోంది: టానిక్‌లు లేకుండా ఆడవాళ్ళు సత్తువ నిలబెట్టుకునే దారి చెప్పండి

రాయగడ సంఘం అడిగారు:

అందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడ, గుణుపురం చుట్టుపక్కల మహిళా సంఘాల్లో 25 నుంచి 45 ఏళ్ళ లోపు వాళ్ళే ఎక్కువ. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. ఎవరిని కదిపినా ఒకటే మాట: పొద్దున్న బాగానే ఉంటాం, మధ్యాహ్నం 3 అయ్యేసరికి కాళ్ళు లాగుతాయి, కళ్ళు మూతలు పడతాయి, మెట్టు ఎక్కితే ఆయాసం, రాత్రి పడుకున్నా తెల్లారి తేలిగ్గా ఉండదు.

రోజు ఎలా గడుస్తుందో కూడా చెబుతాను, లేకపోతే సలహా గాల్లో ఉంటుంది. 4:30కి లేస్తారు, ఖాళీ కడుపుతో టీ. నీళ్ళు, వంట, పిల్లల బడి. తర్వాత కొందరు చేలోకి, కొందరు కుట్టు మిషన్ దగ్గరికి, కొందరు కొట్లోకి. నోట్లో మొదటి ముద్ద పడేసరికి 11. మళ్ళీ 3 గంటలకి అన్నం, వెంటనే టీ. రాత్రి అందరూ తిన్నాక 10కి.

మందుల షాపులో టానిక్ సీసాలు కొంటున్నారు. ఒకరు బీట్‌రూట్ రసం అంటారు, ఒకరు ఖర్జూరం బెల్లం అంటారు. సంతలో దొరికే చోళ్ళు (రాగులు), ఉలవలు, మునగాకు, తోటకూర, ఎండుచేపలతో ఏం చేయొచ్చు? ఎంత తినాలి? అంగన్‌వాడీలో ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్ర వికారంగా ఉందని చాలామంది పారేస్తున్నారు, అది నిజంగా అవసరమా? పరీక్షకి ఎప్పుడు పంపాలి? వచ్చే మీటింగ్‌లో అరగంట సేపు ఈ విషయమే మాట్లాడాలి. దయచేసి కొలతలతో చెప్పండి. "మంచి ఆహారం తీసుకోండి" అని చెబితే వాళ్ళకి ఉపయోగం లేదు.

చోడిచేను రాశారు:

అమ్మా, మీరు రోజంతా విడమరిచి రాయడం మంచిదయింది. జబ్బు సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు, నేను కంచం వరకు చెబుతాను.

ముందు బీట్‌రూట్, బెల్లం సంగతి తేల్చేద్దాం. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని నమ్మకం. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము 1 మిల్లీగ్రాము కూడా లేదు. బెల్లం ముక్క 10 గ్రాములు తింటే అర మిల్లీగ్రాము దాటడం కష్టం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2020లో సవరించిన లెక్క ప్రకారం నెలసరి వచ్చే వయసు ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మగవాళ్ళకి 19 చాలు. తేడా అంతా నెలనెలా పోయే రక్తమే. బెల్లం ముక్కతో ఆ తేడా పూడదు. తినొద్దని కాదు, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దని.

మరి ఎందులో ఉంది? 100 గ్రాములకి చూస్తే పాలిష్ బియ్యంలో అర మిల్లీగ్రాము పైచిలుకు, అంతే. తోటకూర, మునగాకు రెండింట్లోనూ నాలుగున్నర. ఉలవల్లో 8 పైన. నువ్వుల్లో 13 పైన. చోళ్ళలో నాలుగున్నర. ఇప్పుడు ఒక రోజు వేసి చూడండి: బియ్యం 250 గ్రాములు, తోటకూర 100, ఉలవలు 30, చోడిపిండి 30, నువ్వులు 10. మొత్తం కలిపినా 12 మిల్లీగ్రాముల లోపే. అందుకే తిండి ఒక్కటే చాలదు, ఎర్ర మాత్ర ఎందుకు ఇస్తున్నారో దీనితోనే అర్థమవుతుంది. పైగా ఆకులు, గింజల్లోని ఇనుములో పదో వంతు కూడా ఒంటికి పట్టదు. మిగతాది బయటికి పోతుంది. కాబట్టి ఎంత తిన్నాం అన్నదానికంటే ఎంత పట్టింది అన్నదే అసలు పని. అక్కడే మన ఆడవాళ్ళు నష్టపోతున్నారు.

పట్టనివ్వనిది మొదట టీ. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆకుకూరలోని ఇనుముని టీలోని వగరు కట్టిపడేస్తుంది. తిండికి ఇటు గంట, అటు గంట టీ, కాఫీ వద్దు. డబ్బు ఖర్చు లేని మార్పు ఇది, మీటింగ్‌లో ఒక్కటే చెప్పే వీలుంటే ఇదే చెప్పండి. పట్టేలా చేసేది పులుపు, అందులోనూ నిమ్మకాయ, ఉసిరి. కూర పొయ్యి మీద ఉండగా నిమ్మరసం పిండితే వేడికి విటమిన్ సి చాలావరకు పోతుంది. దించి, కంచంలో వడ్డించుకున్నాక అర చెక్క పిండుకోవాలి. నిమ్మకాయ దొరకని రోజుల్లో ఒక పచ్చి జామకాయ, లేదా ఉసిరికాయ నంజుకున్నా సరే.

ఇనప మూకుడు ఉన్నవాళ్ళు తోటకూర పులుసు, టమాటా కూర అందులో వండండి. పులుపుకి మూకుడు నుంచి ఇనుము కూరలోకి దిగుతుంది. ఉడకగానే వేరే గిన్నెలోకి తీసేయాలి. మూకుట్లోనే వదిలేస్తే నల్లబడి చిలుము రుచి వస్తుంది, పిల్లలు ముట్టరు, రెండో రోజు నుంచి మూకుడు అటకెక్కుతుంది. నాన్‌స్టిక్, అల్యూమినియం గిన్నెల్లో ఈ లాభం లేదు.

చోళ్ళ గురించి ఒక మాట స్పష్టంగా. చోడంబలి సత్తువే, కాని అది ఇనుము కోసం కాదు. 100 గ్రాముల చోళ్ళలో కాల్షియం 360 మిల్లీగ్రాములు ఉంటుంది, బియ్యం దాని దరిదాపుల్లోకి రాదు. నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి రెండు మూడు గంటలు ఆకలి రాదు. ఇనుము ఉన్నా చోళ్ళ పొట్టులోని వగరు దాన్ని సరిగా పట్టనివ్వదు. నానబెట్టి మొలకెత్తించినా, పులియబెట్టినా ఆ అడ్డం కొంత తగ్గుతుంది.

పొద్దున్న తీరిక ఉండదు కాబట్టి ఇలా చేయండి. ఒకరికి 4 పెద్ద చెంచాల చోడిపిండి, అంటే సుమారు 30 గ్రాములు, పొద్దున్నే గ్లాసు నీళ్ళలో ఉండ లేకుండా కలిపి మూత పెట్టి వదిలేయాలి. ఎండాకాలం 8 గంటల్లో పులుస్తుంది, కొరాపుట్ వైపు చలికాలంలో పూర్తి రోజు పడుతుంది. రాత్రి వంట చేసేటప్పుడు రెండు గ్లాసుల నీళ్ళలో గుప్పెడు నూకలు ఉడికించి, మెత్తబడ్డాక ఈ పులిసిన పిండి పోస్తూ తిప్పాలి. సన్న సెగ మీద 10 నిమిషాలు. పచ్చివాసన పోయి, గరిటె తీస్తే జారుగా పడాలి. పొడి పిండిని మరిగే నీళ్ళలో గుమ్మరిస్తే పైన ఉడికి లోపల పచ్చిగా ఉండలు కడుతుంది, కడుపు ఉబ్బరం అందుకే. చల్లారాక మట్టి కుండలోకి తీసి పెడితే, తెల్లారి గ్లాసు మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ వేసి తాగేయడమే. లేచిన గంటన్నర లోపల ఇది కడుపులో పడితే 11 గంటల దాకా ఖాళీ కడుపుతో ఉండాల్సిన పని లేదు. టీ కావాలంటే దీని తర్వాత గంటకి.

ఇక మాంసకృత్తులు. 55 కిలోల మనిషికి రోజుకి 46 గ్రాములు కావాలి. 250 గ్రాముల బియ్యం నుంచి 20 వస్తాయి. కందిపప్పు 30 గ్రాములకి 7, గుడ్డుకి 6, వేరుశనగ గుప్పెడుకి 7, పెద్ద గ్లాసు పాలో పెరుగో అయితే 6. కూడితే సరిపోయింది. వీటిలో రెండు తగ్గాయంటే మధ్యాహ్నం కంచంలో అన్నం గుట్ట పెరుగుతుంది, అది తిన్న గంటకి నిద్ర ముంచుకొస్తుంది. 3 గంటల నీరసంలో సగం ఇదే అని నా గట్టి అభిప్రాయం. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచి వారం చూడమనండి.

సంతలో ఒడియావాళ్ళ దగ్గర అడగాలంటే చోళ్ళు మాండియా, ఉలవలు కొళథ, మునగాకు సజనా శాగ. ఎండు నెత్తళ్ళు ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా వస్తుంది. చేప, మాంసం, కార్జం (కాలేయం) ఇనుము ఆకుకూర ఇనుము కంటే బాగా పడుతుంది, పక్కన ఉన్న పప్పులోని ఇనుముని కూడా పట్టేలా చేస్తుంది. వారానికి రెండు సార్లు చాలు. కార్జం మాత్రం గర్భిణులు వద్దు, అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ.

సూక్ష్మదర్శిని రాశారు:

పై కంచం లెక్క బాగుంది. కాని రక్తం (హిమోగ్లోబిన్) 7 గ్రాములు ఉన్న మనిషికి అంబలి పోసి పంపితే ఆమెకి అన్యాయం చేసినట్టే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత దేశమంతా 57 శాతం, ఒడిశాలో 64 శాతం. మీ సంఘంలో పదిమంది కూర్చుంటే ఆరుగురికి ఉందనుకునే మొదలుపెట్టాలి.

గర్భిణి కాని ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 ఉండాలి, గర్భిణులకి 11. 8 కంటే తగ్గితే తీవ్రం కింద లెక్క, గర్భిణులకి 7 కంటే తగ్గితే. అక్కడ ఇంటి వైద్యం మాటే ఎత్తకూడదు, ఆ రోజే ఆసుపత్రి.

వేలి మీద పొడిచి చూసే పరీక్షలో చాలా తప్పులు జరుగుతాయి, కాబట్టి కాస్త వివరంగా. చేయి చల్లగా ఉంటే ముందు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి తుడవాలి. ఎడమ చేతి మధ్య వేలు గాని ఉంగరం వేలు గాని, మెత్త మధ్యలో కాదు, పక్కకి పొడవాలి. స్పిరిట్ ఆరక ముందే పొడిస్తే అది రక్తంలో కలుస్తుంది. మొదటి చుక్క పొడి దూదితో తుడిచేయాలి. తర్వాతి చుక్క దానంతట అదే ఉబికి రావాలి. రావడం లేదని వేలు పిండితే రక్తంతో పాటు కండలోని నీరు కూడా దిగి, 11 ఉన్నవాళ్ళకి 10 చూపిస్తుంది. మీ ఊళ్ళో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే మమతా దివస్ రోజున ఇది దగ్గరుండి చూడండి, రెండుసార్లు తీస్తే రెండు రకాలుగా రావడానికి కారణం చాలాసార్లు ఈ పిండడమే.

తక్కువ వచ్చినవాళ్ళకి సీబీసీ, అంటే రక్త కణాలన్నీ లెక్కపెట్టే పరీక్ష, చేయించండి. ఆ కాగితంలో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి మడిచి పెట్టొద్దు. ఎంసీవీ అని ఉంటుంది, ఎర్ర కణం ఎంత పెద్దదో చెప్పే అంకె. 80 కంటే తక్కువైతే కణాలు చిన్నబడ్డాయని. అది ఇనుము లేక కావచ్చు, పుట్టుకతో వచ్చే తలసీమియా వాహక లక్షణం వల్ల కావచ్చు. తేల్చడానికి ఒక చిన్న భాగహారం: ఎంసీవీని ఎర్ర కణాల సంఖ్యతో భాగించండి. ఎంసీవీ 68, ఎర్ర కణాలు 4.1 ఉంటే 16 పైన వస్తుంది, ఇనుము లోపం వైపు మొగ్గు. అదే 68, కణాలు 5.6 ఉంటే 12 వస్తుంది. 13 కంటే తక్కువ వచ్చిందంటే తలసీమియా అనుమానంతో హెచ్‌పీఎల్‌సీ, అంటే హిమోగ్లోబిన్ రకాలు వేరుచేసి చూసే పరీక్ష, చేయించాలి. ఇది తీర్పు కాదు, ఎటు చూడాలో చూపించే వేలు మాత్రమే. ఎంసీవీ 100 దాటితే బి12 లేదా ఫోలిక్ యాసిడ్ వైపు చూడాలి. గుడ్డు, పాలు, చేప ఏదీ ముట్టనివాళ్ళలో బి12 లోపం మామూలు, అరికాళ్ళు తిమ్మిర్లు, నాలుక మండటం తోడుంటాయి.

హిమోగ్లోబిన్ 12.4 ఉండి కూడా నీరసం తగ్గని వాళ్ళుంటారు. వాళ్ళకి ఫెరిటిన్ చూడాలి, అది ఒంట్లోని ఇనుముకి కొట్లో నిల్వ లాంటిది. 15 కంటే తక్కువైతే కొట్టు ఖాళీ. జ్వరం, పుండు, వాపు ఉన్నప్పుడు ఇది అబద్ధంగా పెరిగి కనిపిస్తుంది కాబట్టి జ్వరం తగ్గి రెండు వారాలు అయ్యాక చేయించడం మేలు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా రెండు. ఒకటి సికిల్ సెల్, ఎర్ర కణాలు కొడవలిలా వంకరపోయే, పుట్టుకతో వచ్చే రక్త జబ్బు. 2023 జూలై 1న కేంద్రం దీని నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, 40 ఏళ్ళ లోపు వాళ్ళకి ఉచితంగా పరీక్ష చేస్తారు. కీళ్ళ నొప్పులు, పదేపదే కామెర్లు, ఇంట్లో ఎవరికైనా ఇది ఉందని తెలిస్తే ముందు ఆ పరీక్ష. జబ్బు ఉన్నవాళ్ళు, ముఖ్యంగా రక్తం ఎక్కించుకున్నవాళ్ళు, చూసుకోకుండా ఐరన్ మింగితే ఒంట్లో పేరుకుపోయి గుండెకీ కాలేయానికీ చేటు. రెండోది మలేరియా. కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి కొండల్లో చలి జ్వరం పెద్దగా లేకుండానే లోపల్లోపల రక్తాన్ని తింటుంది. ఆశా దగ్గర ఉండే కిట్‌తో 20 నిమిషాల్లో తేలుతుంది. కారణం తెలియని రక్తహీనత అయితే ఈ పరీక్ష తప్పదు.

వీటితో పాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్. జుట్టు రాలడం, చలి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, బరువు పెరగడం ఉంటే థైరాయిడ్. దాహం, రాత్రి పదేపదే మూత్రం ఉంటే షుగర్. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కఫం పరీక్ష. ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి, చీటీ రాయించుకుంటే బయట డబ్బు పెట్టాల్సిన పని చాలావరకు ఉండదు.

రాయగడ సంఘం:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. టీ సంగతి, వేలు పిండే సంగతి ఇంతవరకు ఎవరూ ఇలా చెప్పలేదు. రెండు సందేహాలు. అంబలిలో మజ్జిగ పోసుకుని, వెంటనే ఎర్ర మాత్ర వేసుకోవచ్చా? ఆ మాత్ర వికారం తగ్గేదెలా?

పర్లాకిమిడి నర్సమ్మ రాశారు:

మజ్జిగతో వద్దు చెల్లీ. కాల్షియం ఇనుముకి అడ్డం. పాలు, మజ్జిగ, కాల్షియం మాత్ర, వీటికీ ఐరన్ మాత్రకీ రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళయితే అది పొద్దున్న పరగడుపున, ఐరన్ దానికి కనీసం నాలుగు గంటల తర్వాత.

ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ ప్రకారం 20 నుంచి 49 ఏళ్ళ వాళ్ళకి వారానికి ఒకటి. గర్భిణులకి నాలుగో నెల నుంచి రోజూ 180 రోజులు, కాన్పయ్యాక పాలిచ్చేటప్పుడు మరో 180. ఇక్కడ అందరూ కలగాపులగం చేసే విషయం ఒకటుంది: వారానికి ఒకటి అన్నది లోపం రాకుండా ఉండటానికి. ఇప్పటికే 9 ఉన్నవాళ్ళకి అది చాలదు, వాళ్ళకి రోజువారీ మోతాదు ఏఎన్ఎం (ఊరి నర్సు) గాని డాక్టర్ గాని రాసిస్తారు. నెలకి ఒకసారి చూడాలి. నెలలో 1 గ్రాము పెరగకపోతే మాత్ర వేసుకోవడం లేదనో, టీతో వేసుకుంటున్నారనో, లోపల ఎక్కడో రక్తం పోతోందనో, అసలు కారణం ఇనుము కాదనో అర్థం. అప్పుడు పెద్దాసుపత్రికి.

వికారం ఎక్కువగా ఖాళీ కడుపుతో పొద్దున్నే వేసుకున్నవాళ్ళకే. రాత్రి అన్నం తిన్న గంటకి, నిమ్మరసం పిండిన నీళ్ళతో మింగి పడుకోమనండి. నిద్రలో ఆ తిప్పడం తెలియదు. పరగడుపున పట్టినంతగా పట్టదు నిజమే, కాని పారేసిన మాత్ర అసలే పట్టదు కదా. మలం నల్లగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పాలి. చెప్పకపోతే రెండో రోజే మానేస్తారు. మలబద్ధకానికి నీళ్ళు, ఆకుకూర, రాత్రి నానబెట్టిన అంజీరో ఎండుద్రాక్షో. అంకె 12 వచ్చింది కదా అని ఆపకూడదు. నిల్వ నిండటానికి ఇంకో మూడు నెలలు వేయాలి. ఎక్కువమంది మళ్ళీ మొదటికి రావడానికి కారణం ఇక్కడ ఆపేయడమే. మాత్రల డబ్బా పిల్లలకి అందని ఎత్తులో పెట్టాలి. ఎర్రటి తీపి పూత చూసి చాక్లెట్ అనుకుని మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

నట్టల సంగతి ఎవరూ అనలేదు. చెప్పులు లేకుండా చేలోకి, బహిర్భూమికి వెళ్ళేవాళ్ళకి కొంకిపురుగు అరికాలి నుంచి ఎక్కి పేగులో కూర్చుని రక్తం పీలుస్తుంది. ఎంత తిన్నా కారే కుండ నిండదు. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒక మాత్ర, ఆరు నెలలకోసారి. గర్భం మొదటి మూడు నెలల్లో వద్దు. చేలోకి చెప్పులు వేసుకోకపోతే మాత్ర వేసినా మళ్ళీ వస్తుంది.

నెలసరి గురించి సంఘంలో సిగ్గుపడకుండా అడగండి. 7 రోజులు దాటడం, గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోవడం, రాత్రి లేచి మార్చుకోవాల్సి రావడం, పెద్ద గడ్డలు పడటం, ఇవి "మా ఇంట్లో అందరికీ అంతే" అని సరిపెట్టుకునేవి కావు. రక్తస్రావం ఆపకుండా ఇనుము పోస్తూ ఉండటం ఖర్చు, నీరసం రెండూ. స్త్రీ వైద్యురాలిని కలిస్తే మందులతోనే చాలావరకు తగ్గుతుంది, గర్భసంచి తీయించుకోవడం మొదటి మాట కానేకాదు. ఎవరైనా మొదటి రోజే ఆపరేషన్ అంటే ఇంకో డాక్టర్‌ని అడగండి.

నీరసంతో పాటు దేని మీదా మనసు లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, రెండు వారాలుగా నిద్ర పట్టకపోవడం ఉంటే అది కూడా జబ్బే. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ వాళ్ళు డబ్బు లేకుండా మాట్లాడతారు, తెలుగులోనూ ఒడియాలోనూ.

నాగావళి ఒడ్డు రాశారు:

చోడిచేను గారితో ఒక చోట ఒప్పుకోను. పప్పు ఒక గరిటె పెంచమన్నారు. ఆఖరున తినే ఆడమనిషికి పప్పు గిన్నెలో గరిటెడు మిగలదు. కూర అడుగున పులుసు, నిన్నటి అన్నం, అదే ఆమె కంచం. కొలతలు ఎంత చెప్పినా వడ్డన మారకపోతే అమలు కావు. వండగానే ఆమె వాటా ఒక గిన్నెలో తీసి మూత పెట్టడం, గుడ్లు లెక్కపెట్టి తేవడం, రాత్రి అందరితో కలిసి 8కి తినడం, ఈ మూడూ ఇంట్లో మగవాళ్ళ ముందే చెప్పాలి. మీటింగ్‌కి వీలైతే వాళ్ళని కూడా పిలవండి.

చద్దన్నం, మీ దగ్గర పఖాళ అంటారే, ఎండాకాలం అదే మేలైన పొద్దుటి తిండి. నీరు, ఉప్పు, పులుపు అన్నీ ఉన్నాయి. కాని ఉల్లిపాయ, మిరపకాయతో తింటే అది అన్నం నీళ్ళే. పక్కన గుడ్డు గాని, వేపిన నెత్తళ్ళు గాని, ఉలవగుగ్గిళ్ళు గాని ఉండాలి.

నీళ్ళు. సంతలో, పనిలో మరుగుదొడ్డి లేదని పొద్దున్న నుంచి తాగకుండా ఉంటారు. 3 గంటల తలనొప్పి, ఒళ్ళు బరువు చాలావరకు ఆ దాహమే. మూత్రం చిక్కటి పసుపు రంగులో ఉంటే తక్కువైందని గుర్తు. లేచాక రెండు గ్లాసులు, బయల్దేరే ముందు కాస్త ఎడంతో ఒకటి, పని చోట గంటకి అర గ్లాసు, ఇంటికి రాగానే రెండు. ఎండలో పనిచేసే రోజు రెండు గ్లాసుల ఉప్పు మజ్జిగ కలుపుకోవాలి. బిగబట్టుకుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, అదీ నీరసమే. సంతలో మరుగుదొడ్డి కావాలని పంచాయతీలో సంఘం తరఫున అడగండి, ఆరోగ్యం మాట వచ్చినప్పుడు ఇది కూడా రావాలి.

నిద్ర: 4:30కి లేచేవాళ్ళు 9:30కి పడుకుంటేనే 7 గంటలు. 10కి తిని, గిన్నెలు తోమి, 11:30 దాకా ఫోన్ చూస్తే 5 గంటలు. ఏ అంబలీ దీన్ని పూడ్చదు. టీ ఒంట్లోంచి సగం దిగిపోవడానికే 5 గంటలు పడుతుంది కాబట్టి ఆఖరి టీ 3 గంటలకే, అదీ తిండికి గంట ఎడంలో. కునుకు తీస్తే 20 నిమిషాలు, అలారం పెట్టుకుని, 3 లోపే. గంట పడుకుంటే లేచాక ఇంకా మత్తుగా ఉంటుంది.

పొలం పని చేసేవాళ్ళకి వేరే వ్యాయామం అక్కర్లేదు. మిషన్ మీద, కొట్లో కూర్చునేవాళ్ళకి మాత్రం తిన్నాక 15 నిమిషాల నడక రెండు పూటలా, వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా 10 సార్లు లేచి కూర్చోవడం, మధ్యలో కాస్త ఆగి మరో 10. రక్తం 8 లోపు ఉన్నవాళ్ళు ఇవి చేయకూడదు, ముందు రక్తం ఎక్కాలి.

చోడిచేను:

నాగావళి గారు అన్నది నిజం, నా లెక్కలో వడ్డన లేదు. ముందే తీసిపెట్టడం నేనూ చెబుతాను ఇకనుంచి.

ఒకటి మర్చిపోయాను. రేషన్‌లో ఫోర్టిఫైడ్ బియ్యం వచ్చినప్పుడు అందులో వందకి ఒకటి చొప్పున కొంచెం తేడా రంగు గింజలు ఉంటాయి. ప్లాస్టిక్ బియ్యం అని చేటలో ఏరి పారేస్తున్నారు. అవి బియ్యప్పిండికే ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలా ఒత్తినవి. కిలోకి కనీసం 28 మిల్లీగ్రాముల ఇనుము, అంటే 250 గ్రాములకి 7. పైన నా లెక్కలో 12 దాకా వచ్చింది కదా, దానికి ఇది కలిపితే 19కి చేరుతుంది. నీళ్ళలో కొన్ని తేలతాయి, కడిగేటప్పుడు వార్చేయకుండా చూసుకోవాలి. రెండు కడుగులు చాలు. గంజి వార్చేవాళ్ళు ఆ గంజి పారబోయకుండా పప్పులోనో పులుసులోనో కలిపేయాలి. తలసీమియా, సికిల్ సెల్ జబ్బు తేలినవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడిగి తినాలి.

రాయగడ సంఘం:

సరేనండి. చేటలో ఏరే గింజల్ని అందరికీ చూపించడానికి రేషన్ బియ్యం ఒక గిద్దెడు మీటింగ్‌కి పట్టుకెళ్తాను. ముందు టీ, తర్వాత వాటా గిన్నె, తర్వాత వేలి పరీక్ష, ఈ వరసలో చెబుతాను. 10 లోపు వచ్చినవాళ్ళ పేర్లు ఆశాకి అదే రోజు ఇస్తాం. మొదటి నెల అంకెలు వచ్చాక ఇక్కడే రాస్తాను, పెరగనివాళ్ళ సీబీసీ కాగితాలు ఎలా చూడాలో సూక్ష్మదర్శిని గారు అప్పుడు కాస్త చూసి చెప్పండి.

సూక్ష్మదర్శిని:

తప్పకుండా. పేర్లు తీసేసి అంకెలు మాత్రం పెట్టండి: హిమోగ్లోబిన్, ఎంసీవీ, ఎర్ర కణాల సంఖ్య, వయసు, నెలసరి ఎన్ని రోజులు, మాత్ర ఏ పూట వేసుకున్నారు. ఈ ఆరూ ఉంటే చాలు. రెండోసారి చూసేటప్పుడు మొదట చూసిన యంత్రం మీదే, అదే పూట చూడండి. యంత్రం మారితే అర గ్రాము తేడా ఊరికే వస్తుంది, పెరిగిందనుకుని మోసపోతాం.